పప్పు వుడికే నీళ్లు తెచ్చిన వంతెన



కందిపప్పు కుక్కర్లో పెట్టి, మూడు కూతలు వచ్చాక దించి, మూత తీసి చూస్తే గింజ గింజలాగే వుందనుకోండి. మనం ఏమంటాం? పాత పప్పు అంటగట్టాడని కొట్టువాణ్ణి తిట్టుకుంటాం. మా అమ్మమ్మ అలా అనేది కాదు. "నీళ్లెక్కడివే?" అని అడిగేది. ఆవిడ కాపరం చేసింది కోనసీమలో, సముద్రానికి దగ్గరగా, మామిడికుదురు వైపు ఒక పల్లెటూళ్లో. అక్కడ చాలా నూతుల్లో నీళ్లు ఉప్పన. ఆ నీళ్లలో పప్పు వుడకదు, సబ్బు నురగ రాదు, తలంటుకుంటే జుట్టు అట్టలు కడుతుంది. కాలువ నీళ్లు వచ్చి వూరి చెరువు నిండితేనే వంటింట్లో వంట సవ్యంగా సాగేది. ఈ సంగతులు చెప్పి చెప్పి, చివర ఆవిడ ఎప్పుడూ ఒకే మాట అనేది: "ఆ వంతెనే లేకపోతే మా వూళ్లో పప్పు వుడికేది కాదు" అని.

వంతెనకీ పప్పుకీ ముడేమిటా అని చిన్నప్పుడు నేనూ నవ్వుకున్నాను. ఇవాళ ఆ ముడి ఏమిటో మీకు చెప్పాలని వచ్చాను. వంతెన పేరు గన్నవరం అక్విడక్టు. గన్నవరం అనగానే మన విజయవాడ వాళ్లకి విమానాశ్రయం గుర్తొస్తుంది. అది కాదండీ. ఇది కోనసీమలో వున్న పి. గన్నవరం. అక్విడక్టు అంటే మరేం లేదు, నీటివంతెన. మనుషులూ బళ్లూ నదిని దాటడానికి కట్టే వంతెనలు మనం రోజూ చూస్తాం. ఒక కాలువే నదిని దాటి అవతలి ఒడ్డుకి పోవడానికి కట్టినది ఇది. కింద నది పారుతుంది, పైన కాలువ పారుతుంది.

ఇలాంటి ఏర్పాటు చూడాలంటే అంతదూరం పోనక్కరలేదు కూడా. మన ఏనికేపాడు దగ్గర ఏలూరు కాలువ పైన పోతుంటే బుడమేరు దాని కిందనుంచి సొరంగాల్లో దూరి కొల్లేటి వైపు పోతుంది. 2024 సెప్టెంబరులో సింగునగరు మునిగినప్పుడు బుడమేరు పేరు మనందరి నోళ్లలో నలిగింది గాని, అది కాలువ కింద దూరి పోతుందన్న సంగతి ఎంతమంది గమనించాం? ఏనికేపాడులో పొట్టివాడిలా నేలకి అణిగి వున్న పనే, గన్నవరంలో నిలువెత్తున లేచి నిలబడింది.

నేను మొదటిసారి ఆ వంతెన చూసింది 1988 సంక్రాంతికి. నాకు తొమ్మిదేళ్లు. మా అమ్మమ్మ మమ్మల్ని తీసుకుని వెళ్తూ, వంతెన మొదట్లోనే దిగి నడుద్దామంది. సామాను మామయ్యకి అప్పగించి పిల్లలం ఆవిడ వెనక నడిచాం. ఒక పక్క చేతికందేటంత దగ్గరలో కాలువ, నిండుగా, చప్పుడు లేకుండా పోతోంది. రెండో పక్క తొంగి చూస్తే గుండె జారింది. ఎంతో కింద ఇసుక తిన్నెలు, వాటి మధ్య సన్నగా వైనతేయ గోదావరి. నీళ్ల కింద నీళ్లు! రైల్లో గోదావరి దాటేటప్పుడు నాణెం వేయడం మనకి అలవాటు కదా, మా అమ్మమ్మ కొంగుముడి విప్పి రెండు పావలాలు తీసింది. ఒకటి నదిలోకి విసిరింది. రెండోది వంగి కాలువలోకి జారవిడిచింది. "కాలువకెందుకు అమ్మమ్మా, అది దేవుడు కాదుగా?" అన్నాను. "గోదారి పుణ్యానికి. ఇది కూటికి" అంది, నడుస్తూనే.

ఇక అసలు కథలోకి వస్తాను.

ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. ఆ రెంటి మధ్య వున్న ముక్కోణపు నేలే కోనసీమ. అంతటితో ఆగిందా? గన్నవరం దగ్గర వశిష్ఠలోనుంచి వైనతేయ అనే ఇంకో పాయ పుట్టి కోనసీమను మళ్లీ కోసేసింది. (వైనతేయుడంటే వినత కొడుకు, గరుత్మంతుడు. తల్లి దాస్యం తీర్చడానికి అమృతభాండం మోసుకొచ్చినవాడు. పాయకి ఆ పేరు పెట్టిన వారికి దణ్ణం పెట్టాలి.) వైనతేయకీ వశిష్ఠకీ సముద్రానికీ మధ్య చిక్కుకున్న నేలని నగరం దీవి అనేవారు. రాజోలు, నగరం, మామిడికుదురు, మలికిపురం, సఖినేటిపల్లి, కొసాకి అంతర్వేది, అన్నీ ఈ దీవిలోవే. చుట్టూరా నీళ్లే. కాని వేసవి వస్తే ఆ పాయల్లోకి సముద్రపు పోటు ఎక్కి వస్తుంది, నీళ్లు ఉప్పన అవుతాయి. ఇంటి చుట్టూ నీళ్లుండి గొంతు తడుపుకోవడానికి లేకపోవడం అంటే ఇదే.

1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టారు, 1852కి పూర్తయింది. అందులోనుంచి కోనసీమకి మధ్య డెల్టా కాలువ వచ్చింది. అది గన్నవరం దాకా వచ్చి వైనతేయ ఒడ్డున ఆగిపోవాలి. అవతల నగరం దీవి ఎండుతోంది. దాటించడం ఎలా?

ఇక్కడ ఒక చిక్కుంది. మన ఇళ్లల్లో డాబామీద టాంకు ఎందుకు పెడతాం? నీళ్లు ఎత్తున వుంటేనే పంపులోకి వస్తాయి కాబట్టి. కాలువదీ అదే సూత్రం. ఆనకట్ట దగ్గర సంపాదించిన ఎత్తుని మైళ్ల తరబడి జాగ్రత్తగా, కొద్దికొద్దిగా ఖర్చుపెట్టుకుంటూ వస్తుంది, మనం నెలజీతం ఖర్చుపెట్టుకున్నట్టు. ఒక్కసారి నదిలోకి దిగిందంటే ఆ ఎత్తంతా పోయినట్టే. అవతలి ఒడ్డున పొలాలు పైన, నీళ్లు కింద. అందుకని ఎత్తు పోకుండా, నేలమీద నడిచినట్టే గాలిలో నడిపించి అవతలికి చేర్చాలి.

ఈ ఉపాయం ఆ దొరలకి వాళ్ల దేశంలోనే అలవాటైంది. ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గర బ్రిడ్జ్‌వాటర్ అనే ప్రభువు తన బొగ్గు గనుల నుంచి బొగ్గు పడవల్లో వూరికి చేర్చడానికి కాలువ తవ్వించాడు. మధ్యలో ఇర్వెల్ అనే నది అడ్డం వచ్చింది. జేమ్స్ బ్రిండ్లీ అనే ఆయన మూడు రాతి కమానులతో బార్టన్ అనేచోట కాలువని నదిమీదుగా దాటించాడు. 1761లో దానిమీద నీళ్లు పారాయి. ఈ బ్రిండ్లీ పెద్దగా చదువుకున్నవాడు కాదు, మరమిల్లులు బాగుచేసే పనివాడు. నదిమీద కాలువేమిటని జనం ఎగతాళి చేస్తే, పెద్దగా వున్న చీజ్ ముద్దని కత్తితో కోసి కమానులు చేసి, ఇదిగో ఇలా వుంటుందని చూపించాడని చెప్పుకుంటారు. నీళ్లు కారిపోవా అని అడిగితే, పార్లమెంటు పెద్దల ముందు బంకమట్టి తెప్పించి, నీళ్లు పోసి బాగా మర్దించి, ఆ మట్టితో తొట్టి చేసి అందులో నీళ్లు పోసి చుక్క కారలేదని చూపించాడట. నిజమో కల్పనో గాని నాకీ కథలు బాగా నచ్చాయి. చపాతీ పిండి ఎంత మర్దిస్తే అంత సాగుతుందని మనకి ఎవరైనా పుస్తకం చదివి చెప్పారా? చేత్తో తెలుసుకున్న చదువది.

బార్టన్‌కి మూడు కమానులు. లాంకాస్టరు దగ్గర లూన్ నదిమీద 1797లో జాన్ రెన్నీ కట్టిన రాతి అక్విడక్టుకి అయిదు కమానులు. మన గన్నవరం దానికి ఎన్నో తెలుసాండీ? నలభై తొమ్మిది!

ఈ పని లెఫ్టినెంట్ హేగ్ అనే కుర్ర ఇంజనీరుకి అప్పగించారు. 1851-52లో, ఒకే పనికాలంలో కట్టేశారు. ఒకే పనికాలం అంటే మామూలు మాట కాదు. గోదావరి పాయలో పునాది తవ్వాలంటే నీళ్లు తగ్గాలి. సంక్రాంతి దాటాక గాని ఇసుక బయటపడదు. జ్యేష్ఠం వెళ్లి ఆషాఢం వచ్చేసరికి ఎర్రనీళ్లు దిగుతాయి. ఆ మధ్యనున్న నాలుగైదు నెలల్లో పునాదులు వేసి, స్తంభాలు లేపి, కమానులు తిప్పాలి. సగంలో వుండగా వరద వచ్చిందా, సగం కాదు మొత్తం పోతుంది. కమాను అనేది ఆఖరి రాయి పడేదాకా తన కాళ్లమీద తాను నిలబడలేదు. అప్పటిదాకా కిందనుంచి కర్రమూసతో మోయాలి, మన ఇంటి స్లాబుకి సెంట్రింగు కట్టినట్టు. ఆ ఆఖరి రాయి బిగిశాక మూస లాగేస్తే, బరువు పడేకొద్దీ రాళ్లు ఒకదాన్నొకటి అదుముకుని ఇంకా గట్టిపడతాయి. సిమెంటు లేని రోజులు. అంతా సున్నం కట్టుబడే.

కొలతలు చెప్తాను, భయపడకండి. మొత్తం పొడవు 2,248 అడుగులు. కమాను వెడల్పు 40 అడుగులు. నాకు నెలవారీ పద్దు రాసే అలవాటు కాబట్టి పెన్సిలు తీసి లెక్క వేశాను. నలభై తొమ్మిది నలభైలు 1,960. పొడవులోనుంచి తీసేస్తే 288 మిగులుతుంది. నలభై తొమ్మిది కమానుల మధ్య వుండే స్తంభాలు నలభై ఎనిమిది. 288ని నలభై ఎనిమిదితో భాగిస్తే సరిగ్గా ఆరు. అంటే స్తంభం మందం ఆరడుగులన్న మాట. లెక్క పైసా తేడా లేకుండా సరిపోయేసరికి, నూట డెబ్భై ఏళ్ల కిందటి మేస్త్రీ పద్దు నేను సరిచూసినంత సంబరపడ్డాను. మా వారు మాత్రం కాఫీ చల్లారిపోతోందన్నారు.

ఆ పొడవు ఎంతో తెలియాలంటే మన ప్రకాశం బారేజీ తలచుకోండి. బారేజీ 1,223 మీటర్ల పైచిలుకు. గన్నవరం వంతెన సుమారు 685 మీటర్లు. అంటే మన బారేజీలో సగానికి కాస్త పైన. సీతానగరం వైపునుంచి బయలుదేరి సగం దాటాక కాళ్లు పీకుతాయి చూడండి, అంతన్న మాట.

ఇంకో సంగతి. అక్కడ వంతెన ముగిసిన 1852లోనే మన బెజవాడలో ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య కృష్ణ ఆనకట్ట పని మొదలైంది. కాటన్ జబ్బు చేసి సెలవుమీద వెళ్లినప్పుడు గోదావరి పని చూసిన కాప్టెన్ ఆర్ గారే దీన్ని నడిపించి 1855కి ముగించారు. ఆ ఆనకట్టకి 1952లో గండిపడితే, దాని ఎగువన కట్టుకున్నదే 1957లో పూర్తయిన ప్రకాశం బారేజీ. ఏలూరు కాలువ ఇక్కడ కృష్ణ నీళ్లతో బయలుదేరుతుంది, అటునుంచి గోదావరి కాలువ ఏలూరు చేరుతుంది. రైలు ఇంత విరివిగా లేని కాలంలో బెజవాడ లాకుల దగ్గర పడవెక్కి, పడవవాళ్లు గట్టుమీద తాడుపట్టి లాగుతుంటే, వంటా వార్పూ పడవలోనే చేసుకుంటూ మన ముత్తవ్వలు గోదావరి జిల్లాలకి పురుళ్లకీ పెళ్లిళ్లకీ వెళ్లారు. అందుచేత ఆ వంతెన కథ మనకి పరాయిది కాదు.

ఇదంతా చెప్తే మా పక్కింటావిడ ఒక ప్రశ్న వేశారు. ఆవిడ స్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. "కంపెనీవాడు మనమీద ప్రేమతో కట్టాడా? శిస్తు కోసం కట్టాడు. దానికి మనం హారతులివ్వాలా?" అన్నారు. కాదనలేను. 1832-33లో వచ్చిన నందన కరువులో ఒక్క గుంటూరు సీమలోనే అయిదు లక్షల జనంలో సుమారు రెండు లక్షలమంది పోయారని లెక్క. పక్కనే కృష్ణ పారుతూనే వుంది. గోదావరి జిల్లాలోనూ కరువులూ తుఫానులూ వచ్చి జనం తగ్గిపోయి, శిస్తు రాబడి పడిపోయాక గాని 1844లో హెన్రీ మాంట్‌గొమరీ అనే అధికారిని పంపి కారణం కనుక్కోమనలేదు కంపెనీవారు. మనుషులు పోతే పట్టనిది, శిస్తు పోయాక పట్టింది. కాటన్ కూడా ఆనకట్ట కడితే ఇంత లాభం వస్తుందని కాగితంమీద లెక్క చూపించి గాని డబ్బు రాబట్టలేకపోయారు. అయినా ఆ మనిషి పట్టుదల వేరు. కోనసీమలో ఏ వూరెళ్లినా గుర్రంమీదో నిలబడో ఆయన విగ్రహం కనబడుతుందంటే, వూరికే పెట్టుకోలేదు జనం. ఆయన కూతురు లేడీ హోప్ 1900లో తండ్రి జీవితచరిత్ర రాసి అచ్చు వేయించింది. కూతుళ్లున్న ఇంజనీర్లకి అదొక అదృష్టం.

నా బాధ వేరే వుంది. విగ్రహాలన్నీ కాటన్ గారివే. నిజంగా ఆ వంతెన కట్టించిన హేగ్ పేరు ఆ వూళ్లో ఎవరినడిగినా చెప్పలేరు. ధవళేశ్వరంలో కాటన్‌కి కుడిభుజంగా నిలిచిన మన వీణెం వీరన్న గారి పేరు కొంతమందికైనా తెలుసు. ఇక సున్నం నూరినవాళ్లు, ఇసుకలో దిగి పునాది తవ్వినవాళ్లు, మట్టి తట్టలు నెత్తిన పెట్టుకుని మోసినవాళ్లు? వాళ్లలో ఆడవాళ్లు లేకుండా మన దేశంలో ఏ కాలువ తవ్వారు, ఏ వంతెన కట్టారు చెప్పండి? ఇవాళ్టికీ ఏ మేడ కడుతున్నచోటికైనా వెళ్లి చూడండి, తట్ట ఎవరి నెత్తిన వుంటుందో. చంటిపిల్లని చెట్టుకొమ్మకి కట్టిన చీర వుయ్యాల్లో పడుకోబెట్టి, మండుటెండలో ఆ ఇసుకలో ఎన్నిసార్లు ఎక్కీ దిగీ వుంటారో. ఒక్క పేరూ మిగల్లేదు.

కాని చిత్రం చూడండి. కాలం తిరిగి తిరిగి ఆ వంతెన దగ్గర ఒక ఆడమనిషి పేరే నిలిచింది. ఆవిడ ఇంజనీరు కాదు, రాణి కాదు, మనలాంటి ఇల్లాలు. డొక్కా సీతమ్మ గారు.

సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టారు. అంటే వంతెన కట్టేనాటికి పదేళ్ల పిల్ల. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు. అడిగినవాడికల్లా అన్నం పెట్టేవారని ఆయన్ని బువ్వన్న అనేవారట. సీతమ్మ గారిని గన్నవరం పక్కనే వున్న లంకల గన్నవరంలో డొక్కా జోగన్న గారికిచ్చి చేశారు. ఆ వూరు ఎటుపోయేవారికైనా దారిలో వుండేది. నదులు దాటి, పడవలకోసం కాచి, వేళకి తిండి లేక బాటసారులు వచ్చేవారు. హోటళ్లు లేని కాలం. ఆవిడ గుమ్మంలోకి వచ్చినవారికి వేళాపాళా లేకుండా వండి పెట్టడం మొదలుపెట్టారు, బతికున్నన్నాళ్లూ మానలేదు. కులమూ గోత్రమూ అడగలేదు.

ఆవిడ గురించి ఒక కథ గోదావరి జిల్లాల్లో అందరికీ తెలుసు. సీతమ్మ గారికి అంతర్వేది నరసింహస్వామిని చూడాలని ఎన్నాళ్లనుంచో కోరిక. ఇంటికొచ్చే జనాన్ని వదిలి కదలడం ఎలా? చివరికి ఒకనాడు పల్లకీలో బయలుదేరారు. దారిలో ఒక చోట బోయీలు దించి సేద తీర్చుకుంటుంటే, పక్కన ఒక కుటుంబం మాటలు వినబడ్డాయి. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, "కాసేపు ఓర్చుకోండి, సీతమ్మ గారిల్లు వచ్చేస్తుంది, కడుపునిండా తిందాం" అని పెద్దవాళ్లు బుజ్జగిస్తున్నారు. ఆవిడ వెంటనే పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్లకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించారట. స్వామి దర్శనం అలాగే వుండిపోయింది. ఏడో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సంబరాలకి ఆవిడకి పిలుపు వస్తే రానన్నారనీ, ఆవిడ ఫోటో అయినా తీయించి పంపమని తెప్పించుకున్నారనీ చెప్తారు. ఫోటోకి కూడా ఆవిడ సులభంగా ఒప్పుకోలేదట. మరి ఒప్పుకోకపోతే మనకి ఆవిడ ముఖం ఎలా వుంటుందో తెలిసేది కాదు. 1909లో ఆవిడ పోయారు.

ఈ కథ విన్నప్పుడల్లా నాకొక ఆలోచన వస్తుంది. అంతమందికి వండాలంటే ఎన్ని బిందెల నీళ్లు కావాలి? బియ్యం కడగడానికి, ఎసరుకి, పప్పుకి, కూరలు కడగడానికి, గిన్నెలు తోమడానికి, చేతులు కడుక్కోవడానికి. అన్నదానం గురించి పాడేవాళ్లు బియ్యం లెక్క చెప్తారు గాని నీళ్ల లెక్క చెప్పరు. వంటింట్లో నిలబడ్డవాళ్లకే అది తెలుస్తుంది. ఆనకట్టా కాలువలూ వచ్చాకనే కోనసీమ ఇంతమందికి పెట్టగల సీమ అయింది. ఆ గింజనీ ఆ నీటినీ అన్నంగా మార్చి విస్తట్లో వడ్డించిన చెయ్యి మాత్రం సీతమ్మ గారిది.

పాత వంతెన నూట యాభై ఏళ్లకి దగ్గరపడ్డాక, దాని పక్కనే కొత్త అక్విడక్టు కట్టారు. 2000 సంవత్సరంలో అది తెరిచారు. దానికి డొక్కా సీతమ్మ అక్విడక్టు అని పేరు పెట్టారు. వంతెనలకీ బారేజీలకీ నాయకుల పేర్లు పెట్టడం చూశాం, దొరల పేర్లు చూశాం. వండి వడ్డించిన ఇల్లాలి పేరు నీటివంతెనకి పెట్టడం నేను ఇక్కడే చూశాను. ఈమధ్య, 2025 జనవరిలో, మన విజయవాడ పాయకాపురం జూనియర్ కాలేజీలో పిల్లలకి మధ్యాహ్న భోజనం మొదలుపెట్టినప్పుడు ఆ పథకానికీ ఆవిడ పేరే పెట్టారు. అక్కడ ఒక పిల్లని అడిగాను, సీతమ్మ గారెవరో తెలుసా అని. "అన్నం పెట్టినావిడ" అంది. ఇంతకంటే ఏం కావాలి?

పాత వంతెన ఇంకా కొత్తదాని పక్కనే నిలబడి వుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద పోయినప్పుడు కోనసీమ లంకలన్నీ ములిగి కొట్టుకుపోయాయి. అప్పటికి నూట ముప్ఫైనాలుగేళ్ల వయసున్న ఆ కమానులు ఆ వరదనీ చూశాయి. ఇప్పుడు దానిమీద బరువు లేదు, పని కూడా లేదు. పని లేని ముసలివాళ్లని ఇంట్లో ఎలా చూస్తారో మనకి తెలియనిది కాదు. ఇంగ్లండువాళ్లు బ్రిండ్లీ కట్టిన ఆ బార్టన్ వంతెనని 1893లో పడగొట్టేశారు, పెద్ద ఓడల కాలువకి అడ్డం వస్తోందని. మనం పడగొట్టలేదు, అంతవరకు మేలే. కాని పడగొట్టకపోవడం వేరు, చూసుకోవడం వేరు. సున్నం కట్టుబడికి వరదకన్నా పెద్ద శత్రువు రావి మొక్క. పిట్ట వేసిన చిన్న గింజ సందులో మొలిచి, వేరు పెరిగేకొద్దీ రాయినీ రాయినీ విడదీస్తుంది. ఏటేటా నలుగురు మనుషులు నిచ్చెనలేసుకుని పీకితే సరిపోయే పనికి, వదిలేస్తే రేపు కోట్లు కావాలి. నలభై తొమ్మిది కమానులు ఒకే వరసలో నిలబడ్డ అలాంటి దాన్ని మళ్లీ కట్టించగల మేస్త్రీలు ఇవాళ దొరుకుతారా అని నాకు అనుమానం.

ఇంతా చెప్పి మన సంగతి చెప్పకపోతే బావుండదు. మన వూళ్లో మూడు కాలువలున్నాయి, ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ. వంతెనలమీద నడుస్తూ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోవడం మనకి అలవాటైపోయింది. పూజ పువ్వులూ, పాత పటాలూ, ప్లాస్టిక్ సంచుల్లో మూటలూ, అన్నీ ఆ కాలువలకే. పువ్వుల సంచీ పట్టుకుని వెళ్లినవాళ్లలో నేనూ వున్నాను, అబద్ధమాడను. ఒకసారి బందరునుంచి వచ్చిన మా ఆడబిడ్డ వంతెన దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వదినా, మా వూరి మంచినీళ్ల చెరువుకి కాలువే ఆధారం" అంది, నవ్వుతూనే. నాకు నవ్వు రాలేదు. మా అమ్మమ్మ పావలా జారవిడిచిన చెయ్యి గుర్తొచ్చింది. ఆ సంచీ ఇంటికి తెచ్చేసి, అప్పటినుంచి పూజ పువ్వులు పెరట్లో జామచెట్టు మొదట్లో పోస్తున్నాను. చెట్టు బాగా కాస్తోంది లెండి.

పి. గన్నవరం వెళ్లి చూద్దామనుకునేవాళ్లకి ఒక మాట. విజయవాడనుంచి రాజమండ్రి వైపు పోయే బస్సెక్కి రావులపాలెంలో దిగండి. అక్కడనుంచి కోనసీమ బస్సులుంటాయి. వేసవిలో వెళ్లకండి, కాలువలు కట్టేస్తారు, పైన నీళ్లుండవు. కార్తీకంనుంచి సంక్రాంతి దాకా బావుంటుంది. కొత్త వంతెనమీద నిలబడితే పాతది పక్కనే కనబడుతుంది. పిల్లల్ని తీసుకెళ్తే కమానులు లెక్కపెట్టమనండి, కాసేపు అల్లరి చెయ్యకుండా వుంటారు. నాణేలు మాత్రం మరిచిపోకండి, ఒక్కొక్కరికీ రెండేసి కావాలి.